మా ఫైరింజన్‌ను తనిఖీ చేసే ఫ్లెక్సీ

మంటలను నీళ్లు ఆర్పుతయని మీకు ఎవ్వలు చెప్పిన్రు? బడిల పంతులా? పంతులుకేం తెలుసు! మంటలను ఆర్పేది గ్రీన్ టిక్కు. సెల్‌ఫోన్ల, యాప్‌ల, ఒక్కో ప్రశ్న పక్కన పచ్చగ మొలుస్తది చూడుండ్రి, గా టిక్కు!

నవ్వకుండ్రి. నేను పేపర్ల కాలమ్ రాసే మనిషిని, జిమ్మేదారితోని మాట్లాడుతున్న. మా ఊరి ఫైర్ స్టేషన్‌కు మొబైల్ చెక్‌లిస్టు వచ్చినకాడి నుంచి మాకు ఎంత మేలు అయ్యిందో ఇయ్యాల మీకు విడమర్చి చెప్త. ఊరి పేరు మాత్రం చెప్ప. వేములవాడ బస్సెక్కితే ముప్పావు గంట, అంతకంటె అడగకుండ్రి. పేరు చెప్తే రేపు ఊరికి అవార్డు ఇస్తమంటరు, అవార్డు ఎవ్వలు తీసుకోవాల్నని మళ్ల లొల్లి.

యాప్ రాకముందు మా కాడ తనిఖీ ఎంత అన్యాయంగ ఉండెనో వినుండ్రి. డ్రైవర్ బుచ్చిరాములు పొద్దుగాల వచ్చి, చాయ్ తాగి, బండి చుట్టు ఒక రౌండ్ కొట్టెటోడు. టైర్లను కాలితోని తన్నెటోడు. ఇంజన్ స్టార్ట్ జేసి చెవి వెట్టి వినెటోడు. పంపు నడిపిచ్చి, పైపుల నీళ్లు వదిలి, గేటు పక్కన ఉన్న వేపచెట్టుకు తానం చేపిచ్చెటోడు. "మంచిగున్నది" అనెటోడు. అయిపాయె! ఫోటో లేదు, టైం లేదు, లొకేషన్ లేదు. ఆయన మంచిగున్నదంటే మంచిగున్నట్టేనా? రుజువేది?

యాప్ వచ్చింది. బతికినం!

యాప్‌ల నలభైకి పైన ప్రశ్నలు ఉంటయి. ఒక్కో దానికి ఒక్కో ఫోటో. నీళ్ల ట్యాంకు నిండుగ ఉన్నదా? ఫోటో. హోస్ పైపులు సక్కగ చుట్టి ఉన్నయా? ఫోటో. గొడ్డలి ఉన్నదా? ఫోటో. గొడ్డలికి పదును ఉన్నదా? దానికి గూడ ఫోటోనే!

పదును ఫోటోల ఎట్ల కనవడుతదని మీరు అడుగుతరు. మీకు టెక్నాలజీ మీద నమ్మకం లేదు, అదీ మీ రోగం. మా స్టేషన్ల ఫైర్‌మ్యాన్ జబ్బార్‌కు నమ్మకం ఉన్నది. ఆయన గొడ్డలితోని ఒక సొరకాయను నడిమికి నరికి, దాని పక్కన గొడ్డలిని పండవెట్టి ఫోటో కొట్టిండు. గ్రీన్ వచ్చింది! ఇగ గా దినం నుంచి రోజు ఒక సొరకాయ. స్టేషన్ల రోజు సొరకాయ కూరనే. సిబ్బంది ఆరోగ్యం ఎట్ల బాగువడ్డదో చూసిండ్రా?

టైర్ల లోపటి దిక్కు ఫోటో కోసం జబ్బార్ రోజు బండి కిందికి దూరుతడు. "ఎండ ఎక్కువ ఉంది, మళ్లీ తీయండి" అంటది యాప్. బొర్లి అటు దిక్కు పోతే "నీడ పడింది, మళ్లీ తీయండి" అంటది. గట్ల బొర్లి బొర్లి ఆయన పొట్ట కరిగిపోయింది. జిమ్ముకు పోతే ఫీజు కట్టాలె. ఇక్కడ సర్కారే బొర్లిస్తుంది, అది గూడ జీతమిచ్చి!

సైరన్ మోగుతున్నదా అన్న ప్రశ్నకు ఫోటో సరిపోదు. సప్పుడు రికార్డు చేసి పంపాలె. నడుమ ఏ ఫోటో మసకైనా మళ్ల మొదటి నుంచి షురూ చేయాలె గనుక, సైరన్ పొద్దుగాల కూస్తది, పగటిపూట కూస్తది, దాని మనసుకు వచ్చినప్పుడల్ల కూస్తది. మొదట్ల జనం బకెట్లు వట్టుకొని ఉరికొచ్చిన్రు. ఇప్పుడు అలవాటు పడ్డరు. సైరన్ ఇనవడంగనే మా వాడల ఆడోళ్లు పొయ్యి మీద ఎసరు పెడ్తరు, పోరగాళ్లు పండ్లు తోముతరు. ఒక్కలన్న తల ఎత్తి చూడరు. ఊరు ఇంత నిమ్మళంగ ఎప్పుడన్న ఉండెనా?

నేనైతే గీ యాప్‌ను ఫైర్ స్టేషన్ కాడనే ఆపొద్దంటున్న. పెండ్లిళ్లకు పెట్టుండ్రి. మటన్ల ముక్క ఉన్నదా, ఫోటో. ముక్కల బొక్క తక్కువున్నదా, ఫోటో. అల్లుడు అలిగిండా, సప్పుడు రికార్డు. ధర్మపురి గోదావరిల మునిగెటోళ్లకు పెట్టుండ్రి. మునుగకముందు ఒక ఫోటో, మునిగినంక ఒక ఫోటో. గ్రీన్ వస్తే పాపం పోయినట్టు, రెడ్ వస్తే మళ్ల మునుగు! ఖానాపూర్ దిక్కు మక్కచేన్ల వడే అడవిపందులకు గూడ పెట్టుండ్రి. ముఖం చూపియ్యంది ఏ పంది చేన్లకు దూరొద్దు.

సరే, అసలు సంగతికి వస్త.

"గ్రీన్ రానిదే పైపు విప్పరాదు, బండి గేటు దాటరాదు" అని పై నుంచి ఆర్డర్ వచ్చింది. స్టేషన్ ఆఫీసర్ వనజ మేడం దాన్ని లామినేషన్ చేపిచ్చి గోడకు కొట్టిచ్చింది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఇంతకు ముందు ఇంకో ఊర్ల పనిచేసినప్పుడు, టిక్కు రాకముందే బండిని పంపిచ్చింది. అంటుకున్న గడ్డివాము ఆరిపోయింది. ఆమెకు మెమో వచ్చింది. గా మెమో కాగితం చూసిన కండ్లతోని ఇగ ఆమె దేన్నీ సక్కగ చూడలేకపోయింది పాపం.

గీ స్టేషన్ వెనుక గోడకు ఆనుకొని మా అక్క దేవవ్వ షెడ్డు ఉన్నది. లోపట ఆరు సాంచలు. తెల్వనోళ్ల కోసం చెప్తున్న, సాంచలంటే బట్ట నేసే మరమగ్గాలు. మా బావ పోయినంక గా ఆరు సాంచలే ఆమెకు బువ్వ, గవ్వే ఆమెకు ఇజ్జత్. షెడ్డుల నూలు నుసి గాలిల తేలుతనే ఉంటది, ఒక్క నిప్పురవ్వ వడితే ఖతం. గా భయంతోని "ఇన్సూరెన్స్ అన్న చేపిచ్చుకోరాదే అక్కా" అని నేనంటే, "నేను ఫైరింజన్‌కు వీపు ఆనిచ్చి కూసున్న తమ్మీ, నాకేం ఫికర్?" అన్నది.

నిజమే కదా! అంత దగ్గర ఫైరింజన్ ఎవ్వలకు ఉన్నది? గోడ ఇవతల దగ్గితే అవతల ఇనవడుతది.

ఇగ యాప్‌ల అన్నిటికంటె గొప్ప ప్రశ్న ఆఖరిది. తనిఖీ చేసింది నిజంగ డ్రైవరేనా? బండికి అతికిచ్చిన స్టిక్కర్‌ను స్కాన్ చేసి, గప్పటికప్పుడు, గా బండి పక్కనే డ్రైవర్ తన ముఖం చూపియ్యాలె. బండి ఒకకాడ, ముఖం ఒకకాడ ఉంటే నడవదు. మంచి జాగ్రత్త కాదా? లేకుంటె దొంగలు గోడ దుంకి వచ్చి, టైర్ల గాలి చూసి, ట్యాంకుల నీళ్లు చూసి, అంత బరాబర్ ఉన్నదని రాసి పోతరు! దేశంల గిసుంటి దొంగతనాలు ఎన్ని అయితున్నయో మీకేమన్న ఎరుకనా?

మా స్టేషన్ల ఉన్నది ఒక్కడే డ్రైవర్, బుచ్చిరాములు. ఆయన ముఖమంటే సగం మీసమే. గా మీసానికి ఎంత పేరంటే, ఆయన పుట్టినరోజుకు జబ్బార్ ఒక పెద్ద ఫ్లెక్సీ కొట్టిచ్చి, స్టేషన్ ఎదురుంగ కరెంటు స్తంభానికి కట్టిండు. "మా ధైర్యం, మా బుచ్చన్న" అని రాపిచ్చిండు. కింద మూలకు జబ్బార్ ఫోటో చిన్నగ, గుండ్రంగ. ఫ్లెక్సీ దుకాణపోడు బుచ్చిరాములును బాగ తెల్లగ చేసిండు. పెదాలకు జర ఎరుపు గూడ పెట్టిండు. పుట్టినరోజు పోయినా ఫ్లెక్సీ పోలే. మా ఊర్ల ఫ్లెక్సీలు గాలి తీసుకపోతేనే పోతయి.

గట్లుండంగ బుచ్చిరాములు మనుమరాలికి జరం వచ్చింది. ఎంతకూ తగ్గలే. ఆయన వేములవాడ రాజన్నకు మొక్కుకున్నడు. పిల్లకు తగ్గింది. ఇంటిల్లిపాది పోయి, మొక్కు ప్రకారం గుడి చుట్టు తిప్పి కోడెను కట్టిన్రు, ఆయన తలనీలాలు ఇచ్చిండు. దేవుని కాడ బేరమెందుకని మీసం గూడ ఇచ్చి, నున్నగ, బోర్లిచ్చిన ఇత్తడి గిన్నె లెక్క వచ్చిండు.

తెల్లారి డ్యూటీకి వచ్చి ఫోన్ ముందట నిలవడ్డడు. యాప్ చూసింది. మళ్లొక్కసారి చూసింది. "ముఖం సరిపోలలేదు" అన్నది.

మనిషి ఆయనే. వాడ వాడంత గుర్తువట్టింది. ఇంట్ల కుక్క గుర్తువట్టింది. మనుమరాలు జర సేపు ఏడ్చి, తర్వాత గుండు మీద తబలా వాయించింది. ఒక్క యాప్ గుర్తువట్టలే. తప్పెవ్వలది? బుచ్చిరాములుదే! యాప్‌ను అడగకుంట గుండు కొట్టిచ్చుకుంటరా? దేవుని పర్మిషన్ ఉంటే సరిపోతదా?

జబ్బార్ ఆయనకు బొగ్గుతోని మీసం గీసిండు, తలకు నల్ల రుమాల కట్టిండు. "ముఖానికి అడ్డుగా ఉన్నది తీసేయండి" అన్నది యాప్. తీసిన్రు. "ముఖం సరిపోలలేదు." వనజ మేడం హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. "కొత్త ముఖానికి దరఖాస్తు పెట్టుకోండి మేడం, లేదంటే జుట్టు వచ్చేదాకా ఆగండి" అన్నరట. రెండూ మంచి సలహాలే!

కంట్రోల్ రూమ్ కంప్యూటర్ల మా స్టేషన్ పక్కన "బండి లేదు" అని వచ్చింది. ట్యాంకు నిండ నీళ్లతోని, ఎర్రగ, కండ్ల ముందట నిలవడ్డ బండి లేదు!

గా దినం మధ్యాహ్నమే మా అక్క షెడ్డుల వైర్ల కాడ నిప్పురవ్వ లేచింది.

పనోళ్లు బువ్వ తినపోయిన్రు. అక్క ఒక్కతే ఉన్నది. నూలు భగ్గున అంటుకున్నది. ఆమె బయటికి ఉరికి గోడ మీదికెళ్లి మొత్తుకున్నది. "ఓ రాములూ! ఓ జబ్బారూ! సాంచలు అంటుకున్నయిరా, జల్ది రాండ్రిరా!"

బుచ్చిరాములు ఒక్క దుంకు దుంకి సీట్ల కూసున్నడు. ఇంజన్ స్టార్ట్ అయ్యింది. వనజ మేడం గేటు ముందట నిలవడి, ఒక చేతుల ఫోన్, ఒక చేయి అడ్డం. ఒకసారి గోడ మీది ఆర్డర్ చూస్తది, ఒకసారి పొగ చూస్తది. కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేస్తే, "గ్రీన్ ఉన్న బండిని పక్క ఊరి నుంచి పంపిస్తున్నం, పరేషాన్ కాకుండ్రి" అన్నరు. పక్క ఊరంటే నడుమ రైల్వే గేటు!

జనమన్న వస్తరని జబ్బార్ సైరన్ కూయించిండు. ఊరంత విన్నది. "ఫోటో మళ్ల మసకైనట్టున్నది" అనుకొని బువ్వ తిన్నది.

"మేడం, నేను నేనే! మీకు కనవడుతలేనా?" అని బుచ్చిరాములు సీట్ల నుంచి అరిచిండు.

"నాకు కనవడుతున్నవు రాములూ. దీనికి కనవడుతలేవు!" అన్నది మేడం. ఫోన్ ఎత్తి చూపిచ్చింది.

జబ్బార్ బకెటు వట్టుకొని గోడ దుంకిండు, నీళ్లు పోసిండు, మళ్ల ఇటు దుంకిండు. బకెట్లతోని అయ్యే ముచ్చట కాదది. బకెటు ఇసిరికొట్టి నడుం మీద చేయి వెట్టి నిలవడేసరికి, ఎదురుంగ స్తంభం మీద మీసాలు మెలేసిన బుచ్చిరాములు కనవడ్డడు.

"యా అల్లా! అరె, అసలోడు గాడ ఉన్నడు గదా!" అని ఉరికిండు. ఫ్లెక్సీని గుంజుకొచ్చి బండికి ఆనిచ్చి పట్టిండు. మేడం స్టిక్కర్ స్కాన్ చేసి ఫోన్ చూపిచ్చింది. "కళ్లు ఆర్పండి" అన్నది యాప్. గాలికి ఫ్లెక్సీ మడతవడి మళ్ల సాపుగయ్యింది. యాప్‌కు గంతే చాలు. గ్రీన్! "స్వాగతం బుచ్చిరాములు గారు! ఇకనుంచి ఈ ముఖాన్నే గుర్తుంచుకోవాలా?" అని అడిగింది. జబ్బార్ ఆగమాగంల "అవును" ఒత్తిండు.

బండి గేటు దాటింది. సందు తిరిగి షెడ్డు ముందటికి వచ్చింది. బుచ్చిరాములు, జబ్బార్ పానం పెట్టి కొట్లాడిన్రు, పొగ చూసి ఉరికొచ్చి నేను గూడ కండ్లార చూసిన. కానీ అప్పటికే పైన రేకులు కూలినయి. నాలుగు సాంచలు కాలి నల్లటి ఇనుమైనయి. మూలకున్న రెండు మిగిలినయి.

మా అక్క ఏడ్వలే. తొవ్వల మట్టిల కూసొని నా చేయి పట్టుకున్నది. "తమ్మీ, గోడ అవతల ఇంజన్ సప్పుడు ఇనవడ్తనే ఉన్నదిరా. ఇనవడ్తనే ఉన్నది. వాళ్లే రాలే" అన్నది.

గీడికొచ్చేసరికి నాకు కడుపు మండుతున్నది. కానీ నేను ఇయ్యాల యాప్ దిక్కు మాట్లాడుతున్న గదా. మాటంటే మాటే. మాట్లాడుత.

గా నెల రిపోర్టుల మా స్టేషన్‌కు మంచి మార్కులు వడ్డయి. ఆలస్యం: లేదు. ఎట్ల ఉంటది? గ్రీన్ వచ్చిన నిమిషం నుంచే కదా టైం షురూ అయ్యేది! అంతకు ముందు కాలింది లెక్కల రాదు. అక్క సాంచలకు గీ సంగతి తెల్వక తొందరవడి కాలినయి.

ఇంకో లాభం చెప్త. యాప్ గుర్తు వెట్టుకున్నది ఫ్లెక్సీ ముఖాన్ని. బుచ్చిరాములుకు జుట్టు మొలిచింది, మీసం మొలిచింది, అయినా యాప్ ఆయనను దగ్గరికి రానియ్యలే. "ముఖం సరిపోలలేదు." అంత తెల్లగ ఆయన ఈ జన్మల కాడు. ఇగ రోజు పొద్దుగాల ఫ్లెక్సీనే బండిని తనిఖీ చేయవట్టింది. ఎంత మంచి ఉద్యోగి! లీవు అడగది. చాయ్‌కు పోది. మొక్కులున్నయని వేములవాడ పోది. జీతం మాత్రం ఇంకా బుచ్చిరాములే తీసుకుంటుండు. గిది అన్యాయమని నేను ఖరాఖండిగ రాస్తున్న.

గిట్లుండంగ ముసురు వట్టింది.

అక్క షెడ్డుకు పైన ఇంకా రేకులు పడలే. మిగిలిన రెండు సాంచల మీద గోనె సంచులు కప్పి, తాను గొడుగు వట్టుకొని కూసుంటుంది. బుచ్చిరాములు ఒక పొద్దు గోడ మీదికెళ్లి అది చూసిండు. స్టేషన్ నిచ్చెన వేసి, ఫ్లెక్సీ తీసుకపోయి, రెండు సాంచల మీద వాసాలకు గట్టిగ బిగించి కట్టిండు. ముఖమున్న దిక్కు లోపటికి, తెల్లటి దిక్కు వానకు.

తెల్లారి స్టేషన్ల ముఖం లేదు! వనజ మేడం ముందట, వెనుక జబ్బార్, గాయన వెనుక దొంగ లెక్క బుచ్చిరాములు, ముగ్గురు తడుసుకుంట అక్క షెడ్డుకు వచ్చిన్రు. నేను గూడ అక్కడనే ఉన్న. పైన ఫ్లెక్సీల బుచ్చిరాములు మీసం మెలేసి నవ్వుతుండు. కింద రెండు సాంచలు టకటక ఆడుతున్నయి.

"పెద్దమ్మా, జర ఫ్లెక్సీ ఇయ్యరాదు. తనిఖీ టైం అయితుంది" అన్నది మేడం.

"ఇయ్య" అన్నది మా అక్క, సాంచె మీదికెళ్లి కండ్లు తీయకుంట. "అది తీస్తే నా పోగు తడుస్తది."

"ఒక్క నిమిషమే పెద్దమ్మా. ముఖం బండి పక్కన్నే ఉండాలె, లేకుంటె ఒప్పుకోదు."

"అయితే బండినే తోలుకొని రాండ్రి. తొవ్వ తెల్వదా? మొన్న వచ్చిన్రు గదా."

గ్రీన్ రానిదే బండి గేటు దాటొద్దు. గేటు దాటనిదే గ్రీన్ రాదు. దీనికి గోడ మీది ఆర్డర్ల జవాబు లేదు. హెల్ప్‌లైన్‌ల గూడ లేదు. మేడం బుచ్చిరాములు దిక్కు తిరిగి, "బండి తీయ్ రాములూ" అన్నది.

గప్పటి నుంచి మా ఫైరింజన్ రోజు పొద్దుగాల టిక్కు లేకుంట గేటు దాటి, సందు తిరిగి, మా అక్క షెడ్డు ముందటికి వచ్చి నిలవడుతది, టిక్కు కోసం! జబ్బార్ లోపటికి వచ్చి మెడ ఎత్తి పైకి ఫోన్ చూపిస్తడు. యాప్ "స్వాగతం" అంటది. ఇన్ని దినాలాయె, పై నుంచి ఒక్కలు అడగలే. మెమో రాలే. మొన్న జబ్బార్ గా లామినేషన్ ఆర్డర్‌ను సొరకాయ కోసే పీటకు వాడుకుంటుంటే చూసిన.

మొదటిరోజు బండి వచ్చి షెడ్డు ముందట ఆగినప్పుడు మా అక్క అందరికి చాయ్ పోసింది. తర్వాత బయటికి వచ్చి, తడిసిన బండిని ఒకసారి చేత్తోని తడిమి చూసింది.

"బిడ్డా, టిక్కు లేకుంటనే గేటు దాటిన్రు గదా. ఏమన్న అయ్యిందా?" అని అడిగింది.

"ఏం గాలే పెద్దమ్మా" అన్నది వనజ మేడం, చాయ్ గ్లాసుల చూసుకుంట.

"గా దినం గూడ గట్లనే దాటితే ఏం గాకపోతుండె గదా బిడ్డా."